ఫొటోలో హన్మాండ్లుకి చోటు

నర్సన్న తనను "సారు" అన్న రోజు హన్మాండ్లుకి అన్నం సహించలేదు. బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. ఏరా పోరా తప్ప ఇంకో పిలుపు ఎరగరు. అలాంటి నర్సన్న మర్యాదగా లేచి నిలబడి, "ఏం సారు, బ్యాంకుకెల్లి వచ్చిండ్రా?" అని అడిగాడు.

నర్సన్నకి మతిమరుపు జబ్బు వచ్చి రెండేళ్లయింది. పోనీ అందరినీ మరిచిపోయాడా అంటే అదీ లేదు, అదే హన్మాండ్లు బాధ. నర్సన్న ఇంట్లో గోడ మీద ఒక ఫొటో ఉంది. తొంభై ఒకటిలో చెరుకు క్రషింగ్ సీజన్ ముగిసిన రోజున కాంటా ముందు ఆరుగురు నిలబడి దిగింది. నర్సన్న భార్య దేవవ్వ రోజూ పొద్దున్నే దాన్ని దించి, ఒక్కొక్కరి మీద వేలు పెట్టించి పేర్లు చెప్పిస్తుంది. అందుకే సిద్దిరాములు వస్తే నర్సన్న గుర్తుపడతాడు, రామ్‌దాస్ వస్తే గుర్తుపడతాడు. హన్మాండ్లు మాత్రం అందులో లేడు. ఎలా ఉంటాడు, ఆ రోజు కెమెరా పట్టుకుంది ఆయనే కదా!

ఎలాగైనా ఆ ఫొటోలోకి ఎక్కాలని హన్మాండ్లు పట్టుబట్టాడు. అందులో ఉంటే నర్సన్న తనను మళ్లీ ఏరా అంటాడని ఆయన ఆశ.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మేనకోడలు శైలజకి ఫొటో స్టూడియో ఉంది. "ఇచ్చిపో మామా, అర్ధగంట పని," అంది. హన్మాండ్లు ఒప్పుకోలేదు. తను తీసిన ఫొటో మీద ఇంకొకరి చెయ్యి పడటమేమిటి? ఆయనకు పౌరుషం ఎక్కువ. వయసుతో తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. శైలజ నవ్వుకుని, ఫొటోను స్కాన్ చేసి, గిరాకీ లేని మధ్యాహ్నాలు రెండో కంప్యూటర్‌ను ఆయనకు అప్పగించింది. వారానికి మూడు రోజులు ఆయన బస్సెక్కి నిజామాబాద్ రావడం మొదలుపెట్టాడు.

మౌస్ చెప్పిన మాట వినడానికే రెండు రోజులు పట్టింది. మూడో రోజు ధైర్యం చేశాడు. ఫొటోలో నర్సన్నకీ రామ్‌దాస్‌కీ మధ్య జానెడు సందుంది. ఆ ఇద్దరి వెనక నిలబడాలని ఆయన ముచ్చట. కాస్త జరగమన్నట్టు నర్సన్నను పక్కకి లాగితే కంప్యూటర్ కుదరదంది. సరే, సందును తెర మీది రబ్బరుతో తుడిచేసి, అడుగునుంచి దూరదామనుకున్నాడు. తుడిచినకొద్దీ అక్కడ సున్నం కొట్టినట్టు తెల్లబడింది. చెయ్యి జారి నర్సన్న భుజం కూడా పోయింది.

"శైలజా! నర్సన్న భుజం పోయింది బిడ్డా!"

పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తున్న శైలజ కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏంగాలే మామా," అంటూ భుజాన్ని వెనక్కి తెప్పించింది. తర్వాత తెర పక్కన చిన్న తాళం బొమ్మను చూపించింది.

"గిది చూడు. నువ్వు తెచ్చిన ఫొటో మొత్తం గీ అడుగు పొర. బ్యాక్‌గ్రౌండ్ అంటరు. దీనికి తాళముంటది. జరుపుదమంటే జరగదు. దీని కిందికి ఇంకోటి పోదు. తుడిస్తే బొక్క పడదు, తెల్ల రంగే పడుతది."

"తాళం తియ్యరాదా మరి?"

"తియ్యొస్తది. దాని మీద రెండుసార్లు నొక్కితే ఊడుతది. కని నువ్వు తియ్యకు, నీ చెయ్యి ఇప్పుడే చూసిన గద! అసలుది అసలు లెక్కనే ఉండనీ. అది కింద పరిచిన చాప అనుకో. నర్సన్న మామను, రామ్‌దాస్ మామను నకలు తీసి పైన దుప్పటి లెక్క కప్పు. నువ్వు చాపకు దుప్పటికి నడుమ దూరు. ముంగట వాళ్లుంటరు, ఎన్క నువ్వుంటవ్."

హన్మాండ్లు తెర మీది ఆరుగురినీ వేలితో చుట్టి చూపించాడు. "అంటే వాళ్లంత ఒక్కటే పొర. నేనొక్కన్నే బయటోన్ని."

"ఇప్పటికైతే అంతే మామా," అంది శైలజ మెల్లగా, ఆయనకు చాయ్ తెప్పించి.

నర్సన్న చెవి చుట్టూ గీత గీయడానికే ఒక పూట పట్టింది. అంత పెద్దది చేసి చూస్తే చెవి వెనక దోపుకున్న బీడీ కనబడింది. కాంటా దగ్గర బీడీలేంట్రా అని ముప్పై ఏళ్లు తిట్టాడు. ఇప్పుడు దాన్ని మాయం చేయడానికి చెయ్యి రాలేదు. నర్సన్న అంటే హన్మాండ్లుకి ప్రాణం. ఆ మాట ఒక్కనాడూ నోటితో అనలేదు, అన్నవన్నీ తిట్లే. ఎంతో ఓపికగా బీడీ చుట్టూ కూడా గీత గీశాడు.

తొంభై ఒకటిలోనే బావమరిది పెళ్లిలో దిగిన ఫొటోలోంచి తనను కత్తిరించుకుని నడుమ పొరలో నిలబెట్టాడు. ఎండ ఎటునుంచి పడాలో, రంగు ఎంత తగ్గాలో శైలజ చెప్పింది. నెల తిరిగేసరికి ఫొటోలో ఏడుగురయ్యారు.

ఫ్రేమ్ కట్టించి, మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లాడు. దేవవ్వ చూసి మురిసిపోయి దాన్ని నర్సన్న ఒళ్లో పెట్టింది. నర్సన్న వేలు కదిలింది. "సిద్దిరాములు... గిది నేను..." అంటూ వచ్చి సందు దగ్గర ఆగింది. హన్మాండ్లు ముందుకు వంగాడు.

"ఈడెవడే?"

"మంచిగ సూడు. హన్మాండ్లన్న గాదు?" అంది దేవవ్వ.

నర్సన్నకి కోపమొచ్చింది. "నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా? హన్మాండ్లు ఫొటల ఎట్లుంటడు? ఫొట తీసిందే వాడాయె! గడ్డం లేపురా, గడ్డం లేపురా అని నన్నెంత సతాయించిండు! ఈడ ఎవ్వడు లేకుండె. ఎవడో దొంగ సొచ్చిండు."

నెల రోజుల కష్టం గంగలో కలిసింది. హన్మాండ్లుకి మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఫొటోలో లేకపోయినా వాడి దగ్గర తనున్నాడు, ఇన్నాళ్లూ ఉన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, గుమ్మం దాకా వెనక్కి నడిచి, కళ్లకెదురుగా పట్టుకున్నాడు.

"గడ్డం లేపురా నర్సన్నా."

నర్సన్న గడ్డం లేపాడు. ఫోన్ పైనుంచి కనిపిస్తున్న ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"ఈసారన్న సక్కగ తియ్యిరా హన్మాండ్లూ," అన్నాడు. "పోయినసారి అందరి కాళ్లు కోసినవ్."