లెగకూడదనే కొట్టాను

ఉద్దానం జీడితోటల మధ్య ఉన్న మా ఊళ్ళో, పంచాయతీ ఆఫీసు అరుగు ముందు, పట్టపగలు ఒక ఆడమనిషిని నిలబెట్టి నవ్వారు. కార్మికులారా, విద్యార్థులారా, కోర్టు కాగితాల్లో ఈ కథ ఒక శవంతో మొదలవుతుంది. నేను మాత్రం ఆ నవ్వుతోనే మొదలుపెడతాను.

ఆమె పేరు కూర్మమ్మ. జగన్నాధం గారి జీడి బట్టీలో పిక్కలు కొట్టే పని. జీడి రసం కాల్చి కాల్చి ఆమె వేళ్ళ చివర్లు బొగ్గుల్లా నల్లబడ్డాయి. బట్టీ మేనేజరు ధనరాజ్ తనను గోదాములో పెట్టి తలుపు వేసి చెరిచాడని ఆమె నలుగురిలో నోరు విప్పి చెప్పింది. తీర్పు చెప్పడానికి కూర్చున్నది ఆ బట్టీ యజమాని జగన్నాధమే.

"గోదాములోకి నువ్వెందుకెల్లావే?" అన్నాడు.

"సంచులు తెమ్మని ఆడే పంపినాడు బాబూ."

"అరవనేదేటి మరి?"

"అరిసినాను. బాయిలర్ సప్పుడులో ఎవులికి ఇనబడతాది?"

"ఎవులికీ ఇనబడనేదంటే అరవనట్టే కదేటి!"

జనం నవ్వారు. మోటారుసైకిల్ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న ధనరాజ్ కూడా నవ్వాడు. పోలీస్ స్టేషన్‌కి వెళితే సాక్షి ఎవరని అడిగి తిప్పి పంపేశారు.

ఆ తర్వాత ఊరు ఆమెను చంపడం మొదలుపెట్టింది. కత్తులతో కాదు, చూపులతో. చెన్నైలో తాపీపని చేసే మొగుడు ఫోన్ ఎత్తడం మానేశాడు. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్క బిందె జరిగింది. బట్టీలో అందరికంటే పెద్దది తాయారు, కూర్మమ్మ పక్కన కూర్చునే మనిషి, తన పీట ఎత్తుకుని అవతలి వరసలోకి పోయింది. దారిన పోయే మగాళ్ళు "వస్తావేటి గోదాములోకి?" అని ఈలలు వేశారు.

మరో పని ఏదీ దొరక్క కూర్మమ్మ ఆ బట్టీలోనే మిగిలింది. వెనక నుంచి ఎవరైనా వస్తే ఉలిక్కిపడి చేతిలో పిక్కలు జారవిడిచేది. ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ధనరాజ్‌కి ఇదంతా తెలుసు. కావాలని వచ్చి ఆమె వీపు వెనక నిలబడేవాడు. ఆమె వణుకుతుంటే చూసి పోయేవాడు. రోజూ అదే వాడి సరదా.

రెండు వేసవులు గడిచాయి. మందస వైపు నుంచి యమున అనే పిల్ల కొత్తగా పనిలో చేరింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల. ఒకరోజు మధ్యాహ్నం ధనరాజ్ ఆమెను పిలిచి సంచులు తెమ్మన్నాడు.

కూర్మమ్మ పీట మీద నుంచి లేచింది. గోదాము తలుపు లోపల గడియ పడింది. బాయిలర్ వైపు, బస్తాలు దించే చోట ఇంకో తలుపు ఉంది. పిక్కలు ఆరబోసే ఇనుప పార పట్టుకుని ఆమె అటు పరుగెత్తింది. లోపల యమున నోరు మూసి, గోడకి అదిమి పట్టాడు వాడు. కూర్మమ్మ పార ఎత్తి వాడి భుజం మీద కొట్టింది. వాడు పడిపోయాడు. యమున విడిపించుకుని గుమ్మం దాకా వచ్చి, అక్కడే కొయ్యబారి నిలబడిపోయింది.

ఆ తర్వాత జరిగింది చూసింది యమున ఒక్కతే.

నేల మీద పడినవాడు తల ఎత్తి కూర్మమ్మను చూశాడు. "నిన్నెవుడు నమ్ముతాడే?" అన్నాడు. చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఆమె కాలి వైపు వచ్చింది. పట్టుకుని లాగడానికో, లేవడానికి ఆసరా కోసమో, ఆ చెయ్యి దేనికొచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు. కూర్మమ్మ తల మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. యమున వచ్చి పార లాక్కునే దాకా కొట్టింది.

వాడు అక్కడే చచ్చాడు, పోలీసులొచ్చి కూర్మమ్మను పట్టుకుపోయారు. వాడి కోసం నా దగ్గర ఒక్క కన్నీటి చుక్క లేదు. జగన్నాధం మాత్రం శవానికి పూలదండలు వేయించి, మేళతాళాలతో ఊరేగించాడు. నవ్విన జనమే ఆ ఊరేగింపులో నడిచారు. "హంతకురాలు" అన్నారు. చెడిపోయిందన్న పాత పేరు మీద ఇంకో పేరు పడింది.

మా జీడి కార్మికుల సంఘం షెడ్డులో ఆడవాళ్ళను కూడేశాం. చాలా గొడవ జరిగింది.

"మొదటి దెబ్బ నాయమే. పడిపోయినోడ్ని కొట్టడం తప్పు కాదేటి?" అంది ఒకామె.

"పడిపోయినోడు లెగడేటి? లెగిసి మళ్ళీ మనకాడికే వస్తాడు!" అని ఇంకొకామె అరిచింది.

"మనకెందుకప్పా, కోర్టులూ అవీ? రేపు గేటు మూసేస్తే ఏటి తింటాం?"

కూర్మమ్మ కేసు పట్టిన వకీలు శ్రీలలిత అందరినీ మాట్లాడనిచ్చింది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. "ప్రమాదం ఉన్నంతవరకే చట్టం కొట్టనిస్తుంది. వాడు పడిపోగానే ప్రమాదం పోయిందంటారు అవతలి వకీళ్ళు. కూర్మమ్మకి పోలేదని మనం చెప్పాలి. వాడు ఎలాంటివాడో, ఏళ్ళ తరబడి ఏం చేశాడో జడ్జికి తెలియాలి. అది చెప్పాల్సింది మీరు. మీ పేర్లతో, మీ నోళ్ళతో."

పేరు బయటపెడితే ఏమవుతుందో కూర్మమ్మను చూసి అందరూ నేర్చుకున్నారు. ముందు యమున లేచింది. తనను ఏం చేయబోయాడో చెప్పింది. ఆమె మొగుడు గుమ్మం దగ్గర నిలబడి "ఇంటికి రా" అన్నాడు. ఆమె కూర్చోలేదు, వెళ్ళలేదు.

అప్పుడు తాయారు లేచింది. నడివయసు దాటిన మనిషి, మనవలున్న మనిషి.

"నన్ను కూడా," అంది. "అదే గోదాములో. కూర్మమ్మ కంటే ముందే." పైటచెంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ తీసేసింది. "నాను దాని పక్కనుంచి పీట ఎందుకు తీసీసినానో తెల్సా? దాన్ని సూస్తే నా మొకం నాకే కనపడేది. దాని పక్కన కూకుంటే నా సంగతీ బయటపడిపోద్దని బయం. దాన్ని ఎలేసినాను. ఆడు నాలో పెట్టిన పురుగుని దాని మీద పడీసినాను."

ఒకామె ఏడ్చింది. "ఏడవకు," అని తాయారు కసిరింది. "నీ సంగతేటో సెప్పు."

ఆ సాయంత్రం చాలామంది చెప్పారు.

జైలుకి వెళ్ళి శ్రీలలిత, నేనూ కూర్మమ్మను కలిశాం. శ్రీలలిత మెల్లగా అడిగింది. "భయంతో కొట్టాననీ, ఏం చేస్తున్నానో తెలియలేదనీ చెప్తే కేసు తేలికవుతుంది కూర్మమ్మా."

"బయమేసింది. నిజం," అంది కూర్మమ్మ. "కచ్చ కూడా ఉన్నాది. అదీ నిజమే. ఏది ముందొచ్చిందో నాకు తెల్దు."

"వాడు చావాలని కొట్టావా?"

ఆమె తన నల్లటి వేళ్ళు చూసుకుంది. "లెగకూడదనే కొట్టాను. లెగిస్తే ఆడు మళ్ళీ నా ఎనక నిలబడతాడు. పడిపోయినాడని మీరు అంటన్నారు. నాకు మాత్రం ఆడు ఏ రోజూ పడిపోనేదు. గోదాములో నా మీదే ఉన్నాడు, రెండేళ్ళుగా."

"జడ్జి ముందు ఈ కచ్చ మాట అంటే ఉరి దాకా పోవచ్చు."

"అబద్దం ఆడమని ఊరంతా నన్ను అడిగింది. అప్పుడు ఆడనేదు. ఇప్పుడెందుకు ఆడతాను?"

మర్నాడు ఆడవాళ్ళంతా స్టేషన్‌కి నడిచారు. జగన్నాధం జీపు అడ్డంగా పెట్టించి, "పేర్లు రాయిస్తే మీ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు అవ్వవు, సూసుకోండి!" అన్నాడు. "మా పెళ్ళిళ్ళు నువ్వు సేసినావేటి?" అని తాయారు జీపు బోనెట్ మీద చరిచింది. ఆడవాళ్ళు జీపుకి రెండు పక్కలా నీళ్ళలా పారుతూ ముందుకు పోయారు.

సీఐకి అంతమందిని కూర్చోబెట్టడానికి కుర్చీలు చాలలేదు. "పడిపోయినోడ్ని ఎందుకు కొట్టిందమ్మా? దానికి జవాబు చెప్పండి," అన్నాడు విసుగ్గా.

"ఆడు నిలబడి ఉన్నప్పుడు మీరు కొట్టి ఉంటే, పడిపోయాక మేం కొట్టక్కర్నేదు," అంది తాయారు. "రాసుకోండి. నా పేరు తాయారు."

ఒక్కొక్కరే చెప్పారు. మొగుళ్ళు బయట నిలబడి విన్నారు. కొందరు తల దించుకుని వెళ్ళిపోయారు. యమున మొగుడు మాత్రం పొద్దుగూకే దాకా అక్కడే ఉండి, ఆమెకు టీ తెచ్చి ఇచ్చాడు. జగన్నాధం తన బట్టీ గేటు మూసేశాడు. చుట్టుపక్కల బట్టీల ఆడవాళ్ళు కూడా పిక్కలు కొట్టడం ఆపేశారు.

అయినా చార్జిషీటులో హత్య అనే రాశారు. బెయిలు రాలేదు. న్యాయం అంత తేలిగ్గా వస్తుందని నేను మీకు అబద్ధం చెప్పను. విచారణ ఇంకా నడుస్తోంది.

బెయిలు కొట్టేసిన రోజు కోర్టు ఆవరణలో కూర్మమ్మను వ్యాను ఎక్కించారు. ఆడవాళ్ళు వ్యాను చుట్టూ మూగి ఆమె పేరు అరిచారు. తాయారు కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆమె చెయ్యి పట్టుకుని, వ్యాను కదిలే దాకా వదల్లేదు.

దుమ్ము అణగకముందే, చంకలో బిడ్డతో ఒకామె తాయారు దగ్గరికి వచ్చింది. వేరే బట్టీ మనిషి. మేం ఎప్పుడూ చూడలేదు.

"మా దగ్గరా ఒకడున్నాడప్పా," అంది. "మేస్త్రీ గణపతిరావు. ఆడి పేరు నోటితో అనడం ఇదే మొదలు."

"ఈ టయానికి ఎక్కడుంటాడు?"

"మా బట్టీ గేటుకాడ. కుర్సీ ఏసుకుని కూకుంటాడు."

తాయారు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. ఎవరినీ రమ్మని పిలవలేదు. నడిచింది. రోడ్డు నిండా ఆడవాళ్ళు ఆమె వెనక నడిచారు.

గణపతిరావు గేటు లోపల కుర్చీలోనే ఉన్నాడు. "ఏటే ఈ గుంపు? ఎవులు మీరు?" అన్నాడు. సెల్‌ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు.

"ఈడేనా?" అని అడిగింది తాయారు.

బిడ్డను యమున చేతికిచ్చి, ఆ తల్లి ముందుకొచ్చింది. "ఈడే," అంది.

మేం గేటు తోసుకుని లోపలికి, వాడి వైపు నడిచాం.