గోడవైపు తిప్పిన బొమ్మ

ఇస్క్రా ఆ బొమ్మను గోడవైపు తిప్పి పెట్టింది. అక్కడే చేసింది తెలివితక్కువ పని. దాచాలనుకున్నదాన్ని మంచం కిందకు తోసినా, ఊళ్లో రొట్టెల కొట్టువాడి దగ్గర పెట్టినా బతికిపోయేది. కానీ బొమ్మలేసేవాళ్ల బుద్ధి ఒకటుంటుంది కదా. బాగా రాని బొమ్మలను ఎదురుగా నిలబెట్టుకుని ఎక్కడ చెడిందా అని రోజంతా చూస్తారు. ఇతరుల కన్ను పడకూడదనుకున్న దాన్ని మాత్రం గోడకు తిప్పుతారు. ఇస్క్రా చెయ్యి కూడా ఆలోచించకుండా అదే చేసింది.

ఆ ఇంటి యజమానురాలు ఒర్తెన్సియా ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటివాళ్లను మేపుతున్న మనిషి. ఇటలీలో పియెమొంతె కొండల్లో ఆమె మామగారి కాలం నాటి పట్టుమిల్లు ఉంది. మిల్లు మూతపడ్డాక, మొగుడు పోయాక, యంత్రాలు అమ్మేసి ఆ పెద్ద గదులను కళాకారులకు ఇచ్చింది. యూరప్ నలుమూలల నుంచీ వస్తారు. మూడు నెలలు గది, వెలుతురు, రెండు పూటలా భోజనం. పైసా తీసుకోదు. కానీ వెళ్లేటప్పుడు ఒక పని ఇంటికి ఇచ్చిపోవాలి. ఏది ఇవ్వాలో ఇచ్చేవాళ్లు చెప్పరు, ఒర్తెన్సియా చూసి ఎంచుకుంటుంది. వచ్చిన మొదటి రోజు భోజనాల దగ్గరే ఈ సంగతి చెప్పేస్తుంది, ఒప్పుకున్నవాళ్లే పెట్టె విప్పుకుంటారు. పూర్తికాని పనిని మాత్రం ఇల్లు ముట్టుకోదు. అదీ ఆమె పెట్టుకున్న నియమమే.

ఇస్క్రా కూడా ఒప్పుకునే పెట్టె విప్పింది. ఆమెది బల్గేరియాలో ప్లోవ్‌దివ్. అక్కడ అద్దెకున్న ఇల్లు వదిలేసి ఏళ్లయింది. అప్పటి నుంచీ ఇలా కళాకారులకు చోటిచ్చే ఒక రెసిడెన్సీ నుంచి ఇంకో రెసిడెన్సీకి తిరగడమే బతుకు. ఒక చలికాలం పోలండులో పాత బడి భవనం, ఒక వేసవి ఫ్రాన్సులో బ్రెతాన్యు సముద్రతీరాన దీపస్తంభం కింద గది, ఆ తరువాత ఇంకెవరి ఇల్లో. ఒకటి ముగిసేలోపు ఇంకోటి దొరకాలి, దొరకకపోతే రోడ్డే. దొరకాలంటే ఎంపిక చేసేవాళ్లకు నచ్చాలి. అందుకని వాళ్లకు నచ్చే బొమ్మలు వేసీ వేసీ, తనకు నచ్చే బొమ్మ ఎలా ఉంటుందో మరిచిపోయింది. వచ్చే నెల నుంచి ఫిన్లాండులో ఒక దీవి మీద చోటు ఖాయమైంది. అదీ ఒర్తెన్సియా చలవే. అక్కడి ఇల్లు నడిపే మార్కెత్తా ఆమెకు పాత స్నేహితురాలు.

మరి ఒర్తెన్సియాకూ ఇస్క్రాకూ మధ్య మంట ఎందుకు రేగిందంటే, అది ఒక రాత్రి భోజనంలో బాన్యా కావుదా దగ్గర రేగింది. వెల్లుల్లి, ఉప్పుచేప, నూనె కలిపి మరిగించిన కుండను బల్ల మధ్య సన్నని మంట మీద పెడతారు. అందరూ కూరగాయ ముక్కలు అందులో ముంచుకు తింటారు. ఇస్క్రా కాస్త ఆకలి మీద ఉండి గబగబా ముంచుతోంది. ఒర్తెన్సియా చూసి చూసి నోరు పారేసుకుంది.

"ఏడాదికి నాలుగు గుమ్మాలు తొక్కుతావట కదా పిల్లా. బొమ్మల కోసమా, భోజనం కోసమా?"

పక్కన కూర్చున్న వౌటర్ కిసుక్కున నవ్వాడు. బెల్జియం వాడు. గదుల్లో వినపడే చప్పుళ్లను రికార్డు చేయడమే వాడి కళ. ఏం చప్పుళ్లో ఏమిటో, వాడికే తెలియాలి.

ఇస్క్రాకు ఒళ్లు మండిపోయింది. "మీకు పట్టుపురుగులు పోయాయి కదా సిన్యోరా, అందుకే మమ్మల్ని పెంచుకుంటున్నారు. నాలుగు ఆకులు పడేయడం, పట్టు లాక్కోవడం. మీ వంశానికి వేరే పనేం చేతనవును?"

ఒర్తెన్సియా ముఖం జేవురించింది. ఒళ్లో రుమాలు తీసి బల్ల మీదకు విసిరికొట్టి, కుర్చీ వెనక్కి తన్నినంత పని చేసి లేచిపోయింది. ఆవిడ లేస్తే మిగిలినవాళ్లు కూర్చుంటారా? ఒక్కొక్కరే జారుకున్నారు. వౌటర్ పోతూ పోతూ "ఫిన్లాండు నీళ్లలో కలిసినట్టే ఇక" అని ఒక పుల్ల విరిచి మరీ పోయాడు.

ఇస్క్రా ఒక్కతే మిగిలింది. అడ్డదిడ్డంగా తోసేసిన కుర్చీలు, సగం కొరికిన మిరపకాయలు, కుండ కింద ఇంకా వెలుగుతున్న మంట, ఆ తెల్లటి రుమాలు. కోపం చల్లారలేదు, అయినా కళ్లు ఆ బల్ల మీంచి కదల్లేదు. మర్నాడు పొద్దున్నే స్టూడియో తలుపు గడియపెట్టి పని మొదలెట్టింది. ఆ తరువాత రోజుల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ ఆమెతోనూ మాట్లాడలేదు, అది వేరే సంగతి. బొమ్మ అయిపోయిన రోజు దాని ముందు నేల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మనుషులు లేని ఆ బల్ల చుట్టూ అందరి కోపమూ ఉంది, తనదీ ఉంది. అలాంటి బొమ్మ ఆమె పుట్టి బుద్ధెరిగాక వేయలేదు. ప్రాణం పోయినా దీన్ని ఈ ఇంట్లో వదలనని అనుకుంది.

అనుకుని, గోడకు తిప్పి పెట్టింది. చెప్పాను కదా.

వెళ్లే రోజు పొద్దున ఒర్తెన్సియా చేతికర్ర టకటకలాడించుకుంటూ స్టూడియోకు వచ్చింది. తరువాతి వంతు తనది కాబట్టి వౌటర్ కూడా వెనకాలే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇస్క్రా మంచి మంచి బొమ్మలు వరసగా పేర్చి పెట్టింది. పొగమంచులో కొండలు, హేజెల్ గింజల తోటలు, మిల్లు కిటికీలు. ఎవరింట్లోనైనా గోడకు వేలాడదీసుకోవచ్చు. ఒర్తెన్సియా వాటివైపు కన్నెత్తైనా చూడలేదు. తిన్నగా మూలకు నడిచింది.

"అదేంటి?"

"చెడిపోయింది సిన్యోరా."

"చెడిపోతే చెత్తలో ఉండాలి. ఇలా తిప్పు."

"చూడ్డానికి ఏం లేదండీ."

"నన్ను తిప్పమంటావా? ఈ నడుముతో?"

ఇస్క్రా కదలకపోయేసరికి వౌటర్ ముందుకొచ్చాడు. సాయం అంటే ఎక్కడ లేని హుషారు వాడికి. బొమ్మను ఎత్తి ఇటు తిప్పి నిలబెట్టాడు. నిలబెట్టి, తనూ ఒకసారి చూసి, నవ్వబోయిన నోరు మూసేసుకున్నాడు.

ఒర్తెన్సియా బొమ్మలో, వెనక్కి తోసిన తన కుర్చీని చూసింది. రుమాలును చూసింది. కర్ర మీద రెండు చేతులూ వేసి ఇంకా కొంచెం దగ్గరకు వంగింది. తరువాత ఎవరితోనూ కాక తనలో తను చెప్పుకున్నట్టు "ఇదే" అంది.

"అది పూర్తికాలేదు," అంది ఇస్క్రా వెంటనే.

"ఏమన్నావూ?"

"పూర్తికాలేదన్నాను. పూర్తికానిది ఇల్లు తీసుకోదు కదా. మీ నియమమే."

ఒర్తెన్సియా అటు తిరిగి ఆమెను పైనుంచి కింద దాకా చూసింది. ముసలిదానికి కోపం వస్తే అరుస్తుంది, అది మంచిదే. అరవకుండా నవ్విందంటే మాత్రం భయపడాలి. ఇప్పుడు నవ్వింది.

"అలాగా తల్లీ! ఎంత మిగిలింది?"

"కొంచెం."

"కొంచెమేగా. నీ బస్సు మధ్యాహ్నానికి. రంగులున్నాయి, కుంచెలున్నాయి. కానియ్, నేనూ చూస్తా." ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. "అబద్ధమని తేలిందో, ఫిన్లాండులో ఆ గడప తొక్కవు. ఫిన్లాండే కాదు, నాకు తెలిసిన ఏ ఇంట్లోనూ నీకు మంచినీళ్లు పుట్టవు. ఇలాంటి ఇళ్లు నడిపేవాళ్లందరం ఒకరికొకరం తెలుసు."

"కాఫీ తేనా సిన్యోరా?" అన్నాడు వౌటర్.

"నోరు మూసుకుని నిలబడు."

ఇస్క్రా కుంచె అందుకుంది. రంగు పలక మీద గోధుమరంగు కలుపుతూ బొమ్మను చూసింది. ఒక్క చోటు దొరికితే చాలు. ఏ కుర్చీ కాలు దగ్గరో, ఏ నీడ అంచునో, ఒక్క చుక్క పెట్టడానికి చోటుంటే అబద్ధం నిజమైపోతుంది. వెతికింది. ఇంతకు ముందు వేసిన ఏ బొమ్మలోనైనా అలాంటి చోట్లు బోలెడు కనపడేవి. ఇందులో ఒక్కటీ లేదు. ఎక్కడ ముట్టినా చెడుతుంది. ఇన్నేళ్లకు ఒకటి పూర్తి చేశానన్న సంతోషం, సరిగ్గా అప్పుడే, ఆ ముసలిదాని ఎదుటే పొంగుకొచ్చింది. దాంతో ఇంకా కచ్చ పెరిగింది.

"ఏం, చేతులు పడిపోయాయా?" అంది ఒర్తెన్సియా.

ఆ మాటతో ఇస్క్రాకు తల తిరిగిపోయింది. నాకు దక్కనిది నీకు మాత్రం ఎందుకు దక్కాలి? కుంచె పక్కన పడేసి, ఇంతెడల్పు చదును కుంచె తీసి, గోధుమరంగులో నిండా ముంచింది. చెయ్యి పైకెత్తింది. బెదిరింపు కాదు, నాటకం కాదు. రుమాలు మీంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క పూత పూసేయడానికే ఎత్తింది.

"వద్దు!"

కర్ర ఠప్పున నేల మీద పడింది. నడుం నొప్పి మనిషి ఎప్పుడు లేచిందో, ఒర్తెన్సియా రెండు చేతులతోనూ ఇస్క్రా మణికట్టు పట్టేసుకుంది. కుంచె కొసకూ కాన్వాసుకూ మధ్య వేలెడు దూరం కూడా లేదు. పట్టు ఎంత గట్టిదంటే ఇస్క్రాకు ఎముక నొప్పి పుట్టింది.

"పాపిష్టిదానా! చేస్తావు, నువ్వు నిజంగా చేస్తావు! తీసుకుపో. తీసుకుని ఈ క్షణం నా ఇంట్లోంచి బయటికి నడువు!"

"బొమ్మ?"

"దాన్నే తీసుకుపొమ్మంటున్నా. నీ కళ్లు నెత్తికెక్కాయి కానీ నా కళ్లకు ఇంకా కనపడుతోంది."

అక్కడే నిలబడి జేబులోంచి ఫోను తీసి మార్కెత్తాకు చేసింది. "బల్గేరియా పిల్ల రావట్లేదు. ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్. కారణమా? నా మాట చాలదా?" అని పెట్టేసింది. చెప్పినంత పనీ చేసింది.

ఇస్క్రా పెట్టె సర్దుకుంటుంటే వౌటర్ గుమ్మంలోనే తచ్చాడాడు. ఇప్పుడు గొంతులో వెటకారం లేదు.

"నిజంగానే పూసేసేదానివా?"

"ఆఁ."

ఆఁ అన్నాక గానీ ఆ మాట బరువు ఆమెకు తెలియలేదు. పూసేసేదే. కన్నదే పీక నొక్కబోతే, ఆ పాడు ముసలిది అడ్డం పడింది. దక్కకపోయినా సరే, చెడిపోకుండా ఉంటే చాలనుకున్నది ఆవిడ. తను కాదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆవిడ మీద కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది. బొమ్మకు గోధుమరంగు కాగితం చుట్టి, తాడు కట్టి, పెట్టె ఈడ్చుకుంటూ మెట్లు దిగింది. సాయం వస్తానన్న వౌటర్‌ను అవతలికి పొమ్మంది.

బస్సు ఆగేది మిల్లు గేటు ముందే. ఇస్క్రా అక్కడ నిలబడిందో లేదో, వెనక నుంచి కర్ర చప్పుడు. ఒర్తెన్సియా రొప్పుకుంటూ వస్తోంది.

"ఓసి దద్దమ్మా! కాగితం ముఖానికి ఆనించి కట్టావు కదూ? రుమాలు మీది తెల్లరంగు ఇంకా ఆరలేదు. అంటుకుపోయి ఊడొచ్చేస్తుంది. బడిలో ఏం నేర్పారే నీకు? ఇలా ఇవ్వు."

ఇవ్వకముందే లాక్కుంది. గేటు గోడకు ఆనించి, తాడు విప్పి, కాగితం తొలగించింది. కోటు జేబులోంచి నాలుగు సీసా బిరడాలు తీసి ఒక్కో మూల ఒక్కోటి పెట్టి, కాగితం బొమ్మకు తగలకుండా వాటి మీంచి బిగించింది. అంతసేపూ తిడుతూనే ఉంది. ఇస్క్రాను, బల్గేరియాను, బొమ్మలేసే జాతినంతటినీ. చేతులు మాత్రం పసిపాపకు చొక్కా తొడిగినట్టు నెమ్మదిగా పనిచేశాయి. మూల మీద కాగితం కప్పేముందు ఒక్కసారి ఆగి, తన కుర్చీని మళ్లీ చూసుకుంది.

"తడి ఆరేదాకా పడుకోబెట్టకు. ఇంట్లో ఎక్కడ పెట్టినా ఎండ తగలనివ్వకు," అంది ముడి వేస్తూ.

"నాకు ఇల్లెక్కడుంది సిన్యోరా?" అంది ఇస్క్రా. దెప్పడానికే అనాలనుకుంది, కానీ నిజంగా అడిగినట్టే వచ్చింది.

ఒర్తెన్సియా ముడి మీద ఇంకో ముడి వేసింది.

"దీనికి ఇల్లు నేనిచ్చేదాన్ని," అంది. "నువ్వే ఇవ్వనివ్వలేదు."

బస్సు మలుపు తిరిగి వచ్చి ఆగింది. పెట్టెలు కింద అరలో పెట్టమన్నాడు డ్రైవరు. ఇస్క్రా పెట్టె పెట్టింది. బొమ్మను మాత్రం ఎత్తుకునే ఎక్కి, ముందు సీట్లో ఒళ్లో నిలబెట్టుకుని కూర్చుంది. ఎక్కడికని డ్రైవరు రెండోసారి అడిగాడు.