పొట్టు కింద మేత

ఎలుకలకు చేదు నచ్చదని ఆమెకు తెలియక కాదు. చేదు మేతను అవి ఏం చేస్తాయో తెలియలేదు, అంతే.

మందు మొక్కలను పరీక్షించే ల్యాబులో ఆమెకు ఉద్యోగం. ముందు ఎలుకలకు ఒక ఇంజెక్షన్ ఇచ్చి షుగరు జబ్బు తెప్పిస్తారు. తర్వాత సగం బోనుల్లో మామూలు మేత, మిగతా సగంలో ఆకు పొడి కలిపిన మేత పెడతారు. తోక చివర చిన్న గాటు పెట్టి రక్తపు చుక్క తీసి చూస్తారు. ఆకు మేత పెట్టిన ఎలుకల్లో షుగరు దిగింది.

ఆ ఆకు ఆమె అమ్మమ్మది. షుగరుకు మందని ఆవిడ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పంచేది. ఆవిడ పోయాక ఆ తీగను మామయ్య తన టైలరు షాపు వెనక నాటుకున్నాడు. తల్లి లేని మేనకోడల్ని పెంచింది కూడా ఆయనే. ఆయనకూ ఏళ్ళుగా షుగరు ఉంది.

ఎలుకల్లో షుగరు దిగిన రోజున ఆమె సంతోషం పట్టలేక తిన్నగా షాపుకే వెళ్ళింది. "మామయ్యా, అమ్మమ్మ ఆకు పనిచేస్తున్నట్టుంది" అంది.

ఆ 'చేస్తున్నట్టుంది'లోనే ఉంది ఆమె చదువంతా. మామయ్య మాత్రం దాన్ని అంచు ముక్కలాగా కత్తిరించి అవతల పారేశాడు. మర్నాటి నుంచి మాత్రలు మానేసి, పూటపూటా గ్లాసుడు ఆకురసం పట్టించడం మొదలుపెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మిగిలిన గుడ్డ ముక్కలతో చిన్న సంచులు కుట్టి, ఎండబెట్టిన ఆకు నింపి, వచ్చినవాళ్ళందరికీ ఊరికే ఇస్తున్నాడు. "మా మేనకోడలు పరీక్ష చేసి తేల్చింది" అన్న మాట సంచీతో పాటు వెళుతోంది.

ఇవాళ పొద్దున బోనులు శుభ్రం చేసే మనిషి రాలేదు. ఆ పని ఆమే చేసింది. ఆకు మేత బోనులో పరిచిన రంపపు పొట్టును దులిపితే, అడుగున మేత ఉండలు కనిపించాయి. ఒక మూల కొరికి, చేదు తగిలి, పొట్టు కిందకు తోసేశాయి. ఆకు మేత బోనులన్నీ అలాగే ఉన్నాయి. గిన్నె ఖాళీ అయితే తిన్నట్టే లెక్క వేసుకున్నారు ల్యాబులో అందరూ, ఆమెతో సహా. ఎలుకలు పస్తులున్నాయి. పస్తుంటే షుగరు దిగక ఏం చేస్తుంది?

ల్యాబు పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, మళ్ళీ మొదటినుంచి చేద్దాం" అన్నాడు. ఆయనకు అది ఇంకో విడత. ఆమె మాత్రం చెయ్యి కడుక్కున్నదో లేదో కూడా చూసుకోకుండా షాపుకు పరిగెత్తింది. అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఎవరికైనా ఏదైనా కాకముందే తీసుకోవాలి.

మామయ్య మిషను తొక్కుతున్నాడు. చొక్కా హేంగరుకు తగిలించినట్టుంది ఒంటిమీద. అత్తయ్య బొత్తాలు కుడుతోంది. ఆమె చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అయితే నేను ఎలకనంటావు" అన్నాడు మామయ్య.

"ఎలకే నయం. చేదని తోసేసింది" అంది అత్తయ్య తలెత్తకుండా. "ఈయన తాగి, నోరంతా చేదని అన్నం తోసేస్తున్నాడు."

"నువ్వుండవే. అమ్మాయ్, మీటరు రోజూ నూటపదే చూపిస్తోంది. అదీ పస్తుంటోందా?"

"పరగడుపున చూసుకుంటున్నావు మామయ్యా. రాత్రేం తిన్నావు?"

"ఆకలేస్తేగా."

"అదే నేను చెప్పేది. కడుపునిండా తిను, రెండు గంటలాగి చూద్దాం."

"తిన్నాక చూస్తే ఎవడికైనా పెరుగుతుంది. నా సంగతి వదిలెయ్." కాలు ఆపాడు. "మీ అమ్మమ్మ ఇన్నాళ్ళూ జనానికి గడ్డి పెట్టిందంటావా?"

"నమ్మి పెట్టింది."

"మరి నువ్వూ నమ్మావుగా, తెల్లకోటు వేసుకుని."

 

ఇంతలో ఒకావిడ కూతురి గౌను తీసుకోవడానికి వచ్చింది. మేనకోడలని తెలియగానే ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా తల్లీ? మా ఆయనకి ఇన్సులిన్ పొడుచుకోవడమంటే ప్రాణం మీదకొచ్చేది. నీ పుణ్యమా అని మానేశాడు."

ఆమె ఆవిడ చేతుల్నే గట్టిగా పట్టుకుంది. "ఎప్పుడు మానేశారు? అమ్మా, ఇంటికెళ్ళగానే మళ్ళీ మొదలుపెట్టించండి. ఇవాళే డాక్టరుకి చూపించండి. ఆ ఆకు పనిచేయదు. మేం పొరపాటుపడ్డాం."

ఆవిడ మామయ్య వైపు చూసింది.

మామయ్యకు మేనకోడలంటే ప్రాణం. పదిమందిలో ఆమె మాట పోతుంటే చూడలేకపోయాడు. గొంతు తగ్గించి, "ఉద్యోగం చేసుకునే పిల్లమ్మా. పైనుంచి ఎవరో అనిపించి ఉంటారు. మందులమ్ముకునేవాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు.

"మామయ్యా, ఎవరూ అనిపించలేదు. నేనే చూశాను, నా కళ్ళతో."

"అవునవును" అన్నాడాయన, పసిపిల్లను సముదాయించినట్టు.

ఆవిడ ముఖంలో సందేహం పోయి జాలి వచ్చింది. గౌనుతో పాటు ఆకు సంచీ కూడా తీసుకుని మెట్లు దిగింది. మేనకోడలు వెనకే వెళ్ళి రోడ్డు మీద అడ్డం నిలబడింది.

"మీ ఇల్లెక్కడో చెప్పండి. నేనే వచ్చి ఆయనతో మాట్లాడతాను."

ఆవిడ అటూ ఇటూ చూసి, ఆమె బుగ్గ నిమిరింది.

"ఎందుకులే తల్లీ. మా ఇంటికొచ్చావని తెలిస్తే నీకు మాటొస్తుంది. నేనెవరికీ చెప్పనుగా, భయపడకు."

"ఇన్సులిన్ మానితే ప్రాణం పోతుందమ్మా."

"సరే సరే. అలాగే అన్నావని ఎవరైనా అడిగితే చెబుతాను" అంది ఆవిడ. కన్ను గీటినంత పని చేసి, సంచీని కొంగు కింద దాచుకుని, ఇల్లు ఎటో తెలియనివ్వకుండా రెండు సందులు మారి వెళ్ళిపోయింది.