దించకముందే పెట్టిన గీత

మా వర్క్‌షాపులో ఒక నియమం ఉండేది. బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు మీదికి పసుపు రంగుతో సన్నని గీత గీయాలి. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనబడుతుంది. ఇది చాలా చోట్ల ఉన్న పద్ధతే. మావారు దానికి తమ సొంత నియమం ఒకటి చేర్చారు: ఒకరు గీత పెట్టిన నట్టు మీద మరొకరు స్పానరు పెట్టకూడదు.

పదిహేనేళ్ళ క్రితం, ఆయన గీత పెట్టిన నట్టును ఆయన తమ్ముడు మరొకసారి బిగించి చూశాడు. బళ్ళ కోసం వచ్చిన నలుగురి ముందు మావారు ఆ స్పానరును లాక్కుని నేలకేసి కొట్టారు. నా చేతి మీద నమ్మకం లేనివాడికి నా షాపులో పనేమిటని అడిగారు. మా మరిది వంగి స్పానరు తీసుకుని, తుడిచి, గోడకు తగిలించాడు. ఆ తరువాత ఏనాడూ అన్నగారి గీత జోలికి పోలేదు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, నోరు మెదపలేదు. జరిగిన దానిలో మొదటి నేరం ఆయన ఆ స్పానరు విసరడమేనని ఇప్పుడు నా నిశ్చితాభిప్రాయం.

షాపులో మేము ముగ్గురమే. మావారు పని చూసేవారు, మరిది చేసేవాడు, నేను పని కార్డులు రాసేదాన్ని. ఏ బండి ఎన్నింటికి లిఫ్టు ఎక్కింది, ఏ పని ఎన్నింటికి పూర్తయింది, ఎన్నింటికి కిందికి దిగింది, అన్నీ గోడ గడియారం చూసి రాసేదాన్ని. నేను చెప్పబోయే కారు వచ్చేనాటికి మావారి కుడిచేతి మూడు వేళ్ళు మొద్దుబారి ఏడాది. ముట్టుకున్నది వేడో చల్లనో కూడా తెలిసేది కాదు. ఈ సంగతి తమ్ముడికి చెప్పవద్దని నా చేత మాట తీసుకున్నారు. నేను చెప్పలేదు. అది రెండవ నేరం. అది నాది.

ఆ కారు రెండు తలుపులది, ఆరు సిలిండర్లది, ఇరవైనాలుగేళ్ళ పాతది. ఒకప్పుడు వేగానికి పేరు మోసిన మోడలు. దాని యజమానికి మందుల షాపు ఉండేది. మా మరిది ఆయనను చాటుగా గోలీలాయన అనేవాడు. ఆ పేరు ఆయన చెవిన పడింది. కోపం తెచ్చుకోకుండా ఒకరోజు ఫోనులో తానే “నేను, గోలీలాయన్ని” అని పలకరించాడు. అప్పటినుంచి అందరికీ ఆయన ఆ పేరుతోనే చెలామణీ అయ్యాడు.

బండి మలుపులో ఒక పక్కకు ఒరిగిపోతున్నదనీ, గతుకు దాటాక మూడుసార్లు ఊగి గానీ నిలవడం లేదనీ ఆయన ఫిర్యాదు. మావారు ముందు మూల మీద బలంగా నొక్కి వదిలారు. ఎడమవైపు షాక్ అబ్జార్బరు నుంచి నూనె కారుతున్నది. స్ప్రింగులు అలసిపోయి బండి ఒకటిన్నర అంగుళం కిందికి కూర్చున్నది. గోలీలాయన సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు. పందెపు కార్లకు వేసే రకం, ఎత్తు మార్చుకోవచ్చు, గట్టితనం ముప్పైరెండు మెట్లలో తిప్పుకోవచ్చు. అవే కావాలన్నాడు.

“ముప్పైరెండు మెట్లుంటే మీరు రోజుకొకటి తిప్పుతూ కూర్చుంటారు. షాపు షట్టరు ఎవరెత్తుతారు సార్?” అన్నాడు మా మరిది.

“మీ అన్నయ్య ఎత్తుతాడులే. నీకంటే ఆయనకే పని తక్కువ.”

మావారు నవ్వలేదు. ఆ కాగితాలన్నీ ఓపికగా చదివి పక్కన పెట్టారు. ఇరవైనాలుగేళ్ళ చట్రానికి రాయిలాంటి స్ప్రింగు వేస్తే వెల్డింగు అతుకులు విడిపోతాయని, ఆయన రోజూ వెళ్ళే దారిలో గతుకులే ఎక్కువని చెప్పారు. పాతవాటికంటే కొద్దిగా మాత్రమే గట్టి స్ప్రింగులు, వాటికి జోడుగా తయారైన షాకులు, పై మౌంటులు, కింది ఆర్ముల రబ్బరు బుష్షులన్నీ కొత్తవి వేయాలన్నారు. ఎత్తు అర అంగుళం కంటే తగ్గించనన్నారు. సలహా అక్షరాలా సరైనది. ఆయన పనితనాన్ని నేను ఇప్పటికీ కించపరచను.

“మోతాదు తగ్గించారన్నమాట,” అన్నాడు గోలీలాయన. అయినా ఒప్పుకున్నాడు. పెద్దాయన అని పిలిచే మావారి మాటంటే ఆయనకు గురి.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్ము చట్రానికి కలిసే చోట రబ్బరు బుష్షు ఉంటుంది, దాని గుండా బోల్టు పోతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టును పూర్తిగా బిగిస్తే, బండిని దించగానే రబ్బరు మెలిపడి కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. అందుచేత లిఫ్టు మీద నట్టును వదులుగా నిలిపి ఉంచాలి. బండిని దించి, దాని బరువు చక్రాల మీద పడ్డాక, పని గుంటలోకి దిగి బిగింపు కొలిచే టార్క్ రెంచితో కడసారి బిగించాలి. గీత ఆ తరువాతనే.

ఆ రోజు బండి ఎనిమిదిన్నరకు లిఫ్టు ఎక్కింది. మరిది పాత షాకులు విప్పి, స్ప్రింగులను బిగింపు సాధనంతో నొక్కి కొత్తవాటిలో కూర్చాడు. ప్రెస్సు మీద బుష్షులు మార్చాడు. ఆర్ములు ఎక్కించి, నాలుగు నట్లు నిలిపి, వెనక చక్రాల పనికి వెళ్ళాడు. అప్పుడు మావారు కుంచె పట్టుకుని బండి కిందికి వెళ్ళడం నేను చూశాను. అంతకు రెండు వారాల ముందు, గుంటలో లైటు ఒక చేత్తో, కుంచె మరొక చేత్తో పట్టుకోలేక రంగంతా పులుముకున్నారు. తమ్ముడు చూసి, అన్నయ్యా పెళ్ళిగోడకు సున్నం వేస్తున్నావా అని నవ్వాడు. ఆ నవ్వు ఆయనకు గుచ్చుకుంది. వెలుతురు బాగున్నచోట, చేతులు పైకెత్తితే అందే ఎత్తులో, గీతలు ముందే గీసేసి, బిగింపు తరువాత చూసుకుందామనుకుని ఉంటారు. బయటికి వచ్చి నాతో “కింది ఆర్ములు పూర్తి, రాసుకో,” అన్నారు. గడియారం చూసి పదకొండూ నలభై అని రాశాను. బండి దిగినది పన్నెండూ పదికి. అది కూడా రాశాను. రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నేను వాటిని చదవలేదు, రాశాను అంతే.

బండి దిగుతుండగానే గోలీలాయన వచ్చాడు. చక్రం మధ్యనుంచి మడ్‌గార్డు అంచుదాకా టేపు పెట్టి కొలిపించుకున్నాడు. నాలుగు మూలలా నొక్కి చూశాడు. ఒక్క ఊపుతో నిలిచిపోతుంటే పిల్లవాడిలా మురిసిపోయాడు. మావారు ఆయనతో మాటల్లో పడ్డారు. మరిది లైటు, టార్క్ రెంచి తీసుకుని గుంటలోకి దిగాడు. నాలుగు నట్ల మీదా అన్నగారి పసుపు గీతలు కనబడ్డాయి. పైకి వచ్చి రెంచిని గోడకు తగిలించాడు.

కొత్త స్ప్రింగులు కుదురుకోవడానికి వారం పడుతుంది, చక్రాల అలైన్‌మెంటు ఆ తరువాతే. నాలుగవ రోజు ఉదయం గోలీలాయన ఫోను చేశాడు. నేను ఎత్తాను. ముందు ఎడమవైపు టకటకమని చప్పుడు వస్తున్నదన్నాడు. ఫోను మావారికి ఇచ్చాను. “కొత్త సామాను కదా, సర్దుకోవాలి. వారం ఓపిక పట్టండి,” అన్నారాయన. మరునాడు మధ్యాహ్నం, పెద్ద రోడ్డు మలుపులో ఆ బోల్టు జారిపోయింది. ఆర్ము ఊడి, చక్రం లోపలికి ముడుచుకుని, బండి గోడను ఢీకొన్నది. గోలీలాయనను ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం కార్డు తీశాను. అప్పుడు చదివాను. మావారి ముందు పెట్టాను. “ఇది తిరగరాయి,” అన్నారు. రాయనన్నాను.

విచారణకు వచ్చిన ఇంజినీరు శకలాలను పరిశీలించాడు. కుడివైపు మిగిలిన నట్టు మీద గీత విరిగి ఉన్నది. నాలుగింటిలో ఒక్కటీ బిగించలేదని తేల్చాడు. ఎవరి బాధ్యత అన్నదే మిగిలిన ప్రశ్న. గుంటలో కడసారి బిగింపు తన తమ్ముడి పని అనీ, అయిందని అతను చెప్పాకే తాను గీత పెట్టాననీ మావారు చెప్పారు. మా మరిది తల వంచుకుని, అవునన్నాడు.

కోర్టులో నేను కార్డు చూపించాను. దించడానికి అరగంట ముందే గీత పడిందని, కుంచె ఎవరి చేతిలో ఉన్నదో చూశానని చెప్పాను. వేళ్ళ సంగతి కూడా చెప్పాను. మావారు చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డారు. న్యాయమూర్తి మరిదిని అడిగారు. అతను నా వైపు చూడలేదు.

“వదిన ఆ రోజు టైములు అటూ ఇటూ రాసిందండీ. తనకి కొంచెం మతిమరుపు,” అన్నాడు.

ముప్పైయేళ్ళలో అతను నన్ను ఒక్క మాట తూలనాడినవాడు కాదు. ఒప్పుకుంటున్న మనిషి ఎదుట ఉండగా కార్డు మీది అంకెలకు విలువేముంది? రెండేళ్ళ శిక్ష వేశారు. ఇక ఆ వృత్తి చేయకూడదన్నారు. నా కార్డును రాతపొరపాటుగా తీర్పులో పేర్కొన్నారు.

గోలీలాయన భార్య దగ్గరకు వెళ్ళాను. నిజం ఆమెకైనా చేరాలనుకున్నాను. గుమ్మంలోనే నిలబెట్టి, నేను చెప్పినదంతా ఆమె విన్నది.

“ఫోను ముందు ఎత్తింది మీరే కదా?” అని అడిగింది.

నేనేనన్నాను.

“ఆ చప్పుడు విని బండి తియ్యొద్దన్నాను. పెద్దాయన వారం ఆగమన్నాడు, ఆయనకంటే నీకు తెలుసా అన్నారు మా ఆయన. ఆ పెద్దాయన వేళ్ళు పనిచెయ్యవని ఆ రోజే ఒక్క ముక్క చెప్పుంటే నా మొగుడు బస్సెక్కేవాడు. ఇప్పుడెందుకొచ్చారు, బరువు దించుకోడానికా?”

ఆమె కోపంతో తలుపు వేయలేదు. పొయ్యి మీద ఏదో ఉన్నదని నెమ్మదిగా వేసింది.

షాపు నడుస్తూనే ఉన్నది. ఇద్దరు పనివాళ్ళను పెట్టుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకు మావారు తమ తమ్ముడి కథ పాఠంగా చెబుతుంటారు: ఎన్నిసార్లు చెప్పాను, గుంటలోకి దిగినవాడు నాలుగు నట్లూ చేత్తో ముట్టుకోవాలి అని. మొదట్లో ఆ మాట చెబుతూ నా వైపు ఓరగా చూసేవారు. ఇప్పుడు చూడరు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, బయటివాళ్ళకు వద్దు, ఈ నాలుగు గోడల మధ్య నాకు ఒక్కదానికి నిజం చెప్పమని అడిగాను. ఆయన ముద్ద ఆపి, జాలిగా నన్ను చూశారు.

“దించాకే పెట్టాను. నువ్వు మర్చిపోయావు,” అన్నారు.

ఆ కళ్ళలో అబద్ధం లేదు. ఉండి ఉంటే ఏదో ఒకనాడు దానిని బయటికి లాగగలనన్న ఆశ ఉండేది.

అప్పీలుకు గడువు ఉన్నదని వకీలు చెప్పాడు. కాగితం ఆయనే రాసి ఇచ్చాడు. అయితే దాని మీద శిక్ష పడినవాడి సంతకం ఉండాలట. వదినగారి సంతకం చెల్లదట. జైలులో చూడనిచ్చేది పదిహేను రోజులకొకసారి. మొదటిసారి తీసుకువెళ్ళినప్పుడు మా మరిది కాగితం చదవకుండానే తిప్పి ఇచ్చాడు.

“రెంచి నా చేతిలోనే ఉంది వదినా. ఒక్క నట్టు మీద పెట్టుంటే తెలిసిపోయేది. గీత చూసి ఆగాను. అది నా తప్పు కాదా?”

“ఆగేలా చేసింది ఎవరు?”

“నువ్వు కోర్టు మాటలు మాట్లాడకు,” అని నవ్వాడు. మనిషి చిక్కిపోయాడు. అతని గోళ్ళలో నల్లటి గ్రీజు పోయింది. అంత శుభ్రమైన చేతులు అతనివని నాకు అనిపించలేదు.

మూడవసారి వెళ్ళేసరికి గడువు పదకొండు రోజులు మిగిలింది. ఇక దాచి ప్రయోజనం లేదనుకున్నాను. అతను ఎప్పటిలాగే అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగాడు.

“బాగానే ఉన్నారు. తప్పు నీదేనని అందరికీ చెబుతున్నారు. అబద్ధమాడడం లేదు, నిజంగానే అలా నమ్ముతున్నారు. ఇక ఆయన ఎప్పటికీ ఒప్పుకోరు. ఒప్పుకోవడానికి ఆయన దగ్గర ఏమీ మిగలలేదు. ఇప్పుడైనా సంతకం పెట్టు.”

ఈ మాటతో అతని మనసు విరుగుతుందని, విరిగితే చేయి కలం పట్టుకుంటుందని నేను లెక్క వేసుకున్నాను. అతను బల్ల మీది కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. కాపలావాడు సమయం అయిందన్నాడు.

“నమ్మేశాడా?” అన్నాడు మా మరిది. “పోనీలే వదినా. అయితే నిద్ర పడుతోందన్నమాట.”

లేచి, కాగితాన్ని మడత పెట్టి నా వైపు జరిపాడు. మా ఇద్దరి మధ్యనున్న జాలీ కింది సందులోంచి దానిని తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. తరువాతి ములాఖాతు రోజుకు గడువు దాటి నాలుగు రోజులవుతుంది.