కిటికీలో నా పేరు

డోర్నకల్‌లో నిజాం కాలంనాటి గ్రంథాలయాన్ని బాగుచేసిన నలుగురు మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి. పేరు శామ్యూల్, రిటైర్డు రైల్వే గార్డును. మూడు నెలలు తలుపులు మూసి గడ్డి పీకాం, గబ్బిలాలను తరిమాం, పెంకులు మార్చాం. ఊడ్చిందానికన్నా చీపురుతో ఫోటోలు దిగిందే ఎక్కువ, అది వేరే సంగతి.

పని అయ్యాక మా పేర్లు చెక్కిన నల్లరాళ్లు దిగాయి, తలా ఒకటి. వాటిని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద పంచాయితీ అయింది.

"డంగుసున్నం గోడలివి. ఒక్క మేకు కొట్టినా చరిత్ర ఖరాబైతది," అన్నాడు మా అధ్యక్షుడు సంజీవ.

నిజమే అనుకున్నాం. గోడలు వదిలేస్తే మిగిలినవి నాలుగు కిటికీలు. మేమూ నలుగురమే. లోపలివాళ్లు నష్టపోకూడదని రాళ్ల రెండోవైపూ పేర్లు చెక్కించి, కిటికీకొకటి నిండుగా బిగించమన్నాం. మేస్త్రీ యాదగిరి మమ్మల్ని ఎగాదిగా చూసి సిమెంటు కలిపాడు. రోడ్డువైపు కిటికీ కోసం సంజీవతో పోట్లాడి నేనే గెలిచాను.

ప్రారంభోత్సవం మర్నాడు పొద్దున్నే తండా నుంచి గోరీ అనే అమ్మాయి వచ్చింది. మేం తలుపులు మూసేదాకా ఏడాదిపాటు ఆ రోడ్డువైపు కిటికీ కిందే కూర్చుని కానిస్టేబుల్ పరీక్షకు చదువుకున్న పిల్ల. ఇంట్లో ఒకటే గది, ఏడుగురు మనుషులు. పరీక్ష ఇంక ఇరవై రోజులే ఉంది.

లోపల పట్టపగలే చీకటి. కరెంటు కనెక్షన్ ఇంకా రాలేదు. గోరీ పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని కాసేపు తంటాలు పడి బయటికి వచ్చింది.

"ఎట్లున్నది బిడ్డా? మంచిగయిందా?" అన్నాను గొప్పగా.

"ఏం మంచిగ తాతా! లోపల నీ పేరు చదువుదామన్నా జర ఎల్తురుండాలె గద!"

సిగ్గుతో చచ్చిపోయాను. యాదగిరిని పిలిపించి గడ్డపారతో నా రాయి తీయించాను. మూడు ముక్కలుగా ఊడింది. మిగతా ముగ్గురి రాళ్లు చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నాయి.

అంత త్యాగం చేసి ఊరికే ఎలా పోతాను? యాదగిరి చేతికి ఫోన్ ఇచ్చి, నా పేరున్న ముక్కను గుండెలకు ఆనించుకుని, ఆ కిటికీలో ఠీవిగా నిలబడ్డాను.

కింద గోరీ అప్పటికే పుస్తకం తెరిచి కూర్చుంది. తల ఎత్తకుండానే అంది:

"తాతా, జర పక్కకు జరుగు. ఎల్తురుకు అడ్డమున్నవ్."