ఎడమకి లాగే రంపం

మూడేళ్ళు నేను కొమ్మలు మోశాను. హెల్సింకీలో ఇరవై ఎనిమిదేళ్ళు ట్రాము నడిపినవాణ్ణి. మంచు పడినా, మనుషులు తాగి పట్టాల మీద పడినా నిమిషం ఆలస్యం కానివ్వనివాణ్ణి. యాభై ఆరేళ్ళ వయసులో భర్త పోయిన హిల్కాని మనువాడి ఈ అడవిలోకి వచ్చి, తైస్తో అనే ఆమె అన్న పడగొట్టిన చెట్ల కొమ్మలు ఏరి కుప్పలు వేసే ఉద్యోగంలో చేరాను. చెట్టు మీద రంపం పెట్టే హక్కు నాకు లేదు. లేదని ఎవరూ అనలేదు. అని ఉంటే పోట్లాడేవాణ్ణి.

తైస్తో ఏమీ అనడు. అతనితో వచ్చిన చిక్కే అది. మొదటి చలికాలంలో నేను కొత్త పెట్రోలు రంపం కొనుక్కుని, దాని గొలుసుకి నా చేత్తో నేనే పదును పెట్టుకుని, ఒక భూర్జ వృక్షం మీద పెట్టాను. పదునైన గొలుసు పేళ్ళు విసురుతుంది, మొద్దుబారింది పిండి రాలుస్తుంది. నా రంపం కింద పిండి రాలింది. ఇంటిల్లిపాదికీ రొట్టెలు కాల్చుకోవచ్చు, అంత పిండి. తైస్తో వచ్చి ఆ పిండి వంక చూశాడు, నా వంక చూశాడు, తన రంపంతో రెండు క్షణాల్లో ఆ చెట్టు పడగొట్టి, నా చేతుల్లో ఒక మోపెడు కొమ్మలు పెట్టాడు. ఆ మోపు మూడేళ్ళయినా దిగలేదు.

ఈ మే నెలలో దించుకుందామని కంకణం కట్టుకున్నాను. చెరువు గట్టునున్న ఊరి సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, దాని పైకప్పు మంచు బరువుకి కూలిపోయింది. కొత్తది కడుతున్నారు. శనివారం తల్కోత్, అంటే ఊరంతా తలో చెయ్యి వేసి పని ముగించి, కాఫీ తాగి, సాసేజీలు కాల్చుకు తినే రోజు. ఆ రోజు నా చేతిలో రంపం ఉండాలి. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని తిరగడం ఇక నావల్ల కాదు. డెబ్బై దాటిన ఎల్వి కూడా రంపం పడుతుంది. ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, ఇప్పుడు వడ్రంగం చేస్తోంది. ఆవిడ పక్కన కప్పులు అందిస్తూ నిలబడితే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

అందుకని పదును పెట్టే సామాను కొన్నాను. చిన్న చిన్న చక్రాలున్న చట్రం ఒకటి, ఆకురాయి అందులో పెట్టి తోస్తే కోణం తప్పదన్నారు. తప్పలేదు, కాకపోతే నేను కొన్న ఆకురాయి లావు నా గొలుసుది కాదు, పక్క సైజుది. తరవాత గొలుసు తిరిగే పట్టీకి మరలతో బిగించుకునే సామానొకటి తెచ్చాను. అది బిగించడానికి ఒక పూట, విప్పడానికి ఒక పూట పట్టేది. ఆఖరికి కరెంటు గ్రైండరు తెచ్చి వంటింట్లో బల్ల మీద బిగించాను. నిప్పురవ్వలు చూసి ముచ్చటపడి కాస్త ఎక్కువసేపు ఆనించి ఉంచాను. పళ్ళన్నీ నీలంగా మారాయి.

"ఇదేం రంగు?" అంది హిల్కా.

"వేడికి అలా అవుతుంది."

"పళ్ళు కాలిపోయాయన్నమాట. ఇంక అవి వెన్న కూడా కొయ్యవు. ఏవయ్యా, బల్ల మీద ఇనప్పొడి రాలుతోంది, అక్కడే కదా మనం తినేది?"

"తుడుస్తాలే."

"తుడుద్దువుగాని, వెళ్ళి అన్నయ్యనడగొచ్చు కదా?"

అడగొచ్చు. తేలిగ్గా అంటుంది. ఈ ఊళ్ళో ఎవడూ ఎవడినీ ఏదీ అడగడు, అడగనివాడికి ఎవడూ ఏదీ చెప్పడు. అడగని సలహా చెప్పడమంటే తలుపు తట్టకుండా ఒకరింట్లోకి చొరబడినంత మొరటుతనం. అడగడమంటే నాకు చేతకాదని ఒప్పుకోవడం. పోయినేడు ఒకాయన మా వాకిలి ముందే కారు బురదలో దిగబడితే గంటన్నర సేపు తనే తవ్వుకున్నాడు. మేం కిటికీలోంచి చూస్తూ కాఫీ వేడిగా ఉంచాం. ఆయన అడిగి ఉంటే క్షణంలో ట్రాక్టరు తీసేవాళ్ళం. నేను పట్నంవాణ్ణయినా ఈ దేశంవాణ్ణే, నా రక్తం మాత్రం వేరే ఎలా ఉంటుంది.

అడగకుండా నేర్చుకునే దారొకటి కనిపించింది. తైస్తోకి ఇలాంటి సామానేదీ లేదు. చెట్టు మొద్దులోకి సుత్తితో దిగగొట్టి రంపాన్ని కదలకుండా బిగించే చిన్న వైసు, చెక్క పిడి ఉన్న గుండ్రటి ఆకురాయి, అంతే. మొద్దు ముందు కూర్చుని ఈల వేసుకుంటూ పంటికి మూడు తోపులు తోస్తాడు. తేదీలు తప్పినా ఆ మూడు తప్పవు. అతని గొలుసు కొలిస్తే ఆ కోణం, ఆ పొడవు నాకు దొరుకుతాయి, వాటి ప్రకారం నాది తయారు చేసుకోవచ్చు. దీన్ని దొంగతనం అనుకోను. వస్తువు ఎక్కడిదక్కడే ఉంది కదా.

బుధవారం సాయంత్రం తైస్తో మా సౌనాకి వచ్చాడు. అతను పై మెట్టెక్కి కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించాక నేను వెర్నియర్ కొలబద్ద పట్టుకుని అతని బండిలో ఉన్న రంపం దగ్గరికి పిల్లిలా వెళ్ళాను. గొలుసుకి పళ్ళు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వాలి ఉంటాయి. ఎడమ పళ్ళు కొలిచాను, అన్నీ సమానం, ముచ్చటేసింది. కుడి పళ్ళు కొలిచాను. అవీ తమలో తాము సమానమే, కాని ప్రతి ఒక్కటీ ఎడమదానికన్నా దాదాపు మిల్లీమీటరు పొట్టి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలిచాను. అదే లెక్క. కుడిచేతివాటం మనిషి, ఒక వైపు తోసేటప్పుడు బలం ఎక్కువ పడుతుంది, ఆ వైపు పళ్ళు తొందరగా అరుగుతాయి. అలాంటి గొలుసు తిన్నగా కొయ్యదు. పొడుగు పళ్ళున్న వైపుకి, అంటే ఎడమకి, లాగేస్తుంది.

అప్పుడు నాకు ఊళ్ళో గుమ్మాలు గుర్తొచ్చాయి. మా ఊళ్ళో దుంగల గోడ పేర్చాక గుమ్మం కొయ్యడం తైస్తో పనే. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం చుట్టూ కొట్టిన చెక్కల్లో ఎడమది కిందికి పోనుపోను వెడల్పవుతుంది, కుడిది పైకి పోనుపోను వెడల్పవుతుంది. ఇది ఇక్కడి పాత పనితనం కాబోలని నేను ఫొటోలు కూడా తీసి మా ట్రాము స్నేహితులకి పంపాను. ఎంత కళాదృష్టో చూడండి అని రాశాను కూడా.

ఇంట్లోకి వెళ్ళి హిల్కాని నిలదీశాను.

"మీ అన్న గొలుసు ఎడమకి లాగుతుందని నీకు తెలుసా?"

"ఊళ్ళో అందరికీ తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మా నాన్న ఆవులకొట్టం కట్టినప్పట్నుంచి. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ఆ గుమ్మంలోంచి ఆవు వచ్చేది, చలిగాలీ వచ్చేది."

"కొత్త గొలుసు వేస్తాడు కదా."

"వేస్తాడు. నెల్లాళ్ళలో దాన్నీ అలాగే చేస్తాడు."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"ఎప్పుడూ అడగలేదుగా." యాలకుల రొట్టె పిండి పిసుకుతూ నా వంక తిరిగింది. "నువ్వు కూడా నోరు మూసుకో. శనివారం గుమ్మం కోస్తాడు. ఎల్వి ఎప్పుడో వెడల్పు చెక్కలు చిత్రిక పట్టి పెట్టుకుంది."

గుమ్మం ఇంకా పుట్టనే లేదు, దాని వంకర కప్పే చెక్కలు సిద్ధం. ముప్పై ఐదేళ్ళుగా ఒక ఊరు ఊరంతా ఒక మనిషి పరువు కాపాడుతూ మేకులు కొడుతోంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. నా పిండి చూసి ఒక్క మాటా అనకుండా కొమ్మలు చేతికిచ్చినవాడు ఈయనేనా?

శనివారం ఎండ బాగా కాసింది. గోడలు లేచి నిలబడ్డాయి. పద్నాలుగు మందిమి. నా చేతిలో మళ్ళీ ఫ్లాస్కే. తైస్తో గోడ మీద రెండు నిలువు గీతలు గీసి, రంపం దింపి మొదటి గీత కోశాడు. పేళ్ళు పండగలా ఎగిరాయి. గీత సగం నుంచి కోత మెల్లగా ఎడమకి జరగడం మొదలెట్టింది. అందరూ చెరువు వంక చూస్తున్నారు. ఎల్వి గడ్డి మీద పెట్టిన వెడల్పు చెక్కల మీద తన కోటు కప్పింది.

ట్రాము పట్టా అంగుళం పక్కకి జరిగితే నేను ఊరుకునేవాణ్ణి కాదు. అతను రంపం ఆపి, పెట్రోలు పొయ్యడానికి వంగినప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"బావా, నీ గొలుసు ఎడమకి లాగుతోంది."

కాఫీ కప్పుల చప్పుడు ఆగిపోయింది. హిల్కా నన్ను చంపేసేలా చూసింది. తైస్తో నిటారుగా లేచి నిలబడి, ముందు తన కోత చూశాడు, తరవాత చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. ఒక్కొక్కటే పక్కకి తిరిగిపోయింది.

"ఎల్వీ, ఆ కోటు కింద ఏంటి?"

"చెక్కలు."

"ఎంత వెడల్పు?"

"సరిపోయేంత."

తైస్తో వెళ్ళి కోటెత్తి చూశాడు. మళ్ళీ కప్పాడు.

"ఎప్పట్నుంచి?"

"నేను ఉత్తరాల సంచీ తగిలించుకోకముందు నుంచి," అంది ఎల్వి.

"హిల్కా, నీకు తెలుసా?"

"నువ్వు అడగలేదు కదన్నయ్యా."

నా పని అయిపోయిందనుకున్నాను. ఇంక చచ్చేదాకా కొమ్మలే, అవీ తడివే. ముప్పై ఐదేళ్ళ పరువు పద్నాలుగు మంది ముందు తీశాను, అదీ ఫ్లాస్కు పట్టుకుని. నిజంగా భయమేసింది, అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. తైస్తో వెళ్ళి మొద్దులో వైసు దిగగొట్టి, రంపం బిగించి, ఆకురాయి తీశాడు. తీసి తొయ్యకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత తేడా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"దాదాపు మిల్లీమీటరు. కుడివి పొట్టి."

"కంటితో చూసి చెప్పావా?"

"వెర్నియర్‌తో. రెండుసార్లు కొలిచా."

"ఎప్పుడు?"

"బుధవారం. నువ్వు సౌనాలో ఉన్నప్పుడు."

అప్పుడు చూశాడు నా వైపు. "నా గొలుసు నీకెందుకు?"

"నీలాగ పదును పెట్టడం నేర్చుకుందామని."

"నన్నడిగితే చూపించేవాణ్ణి కదా."

"అడగలేకపోయా."

"మూడేళ్ళయింది," అన్నాడు. "ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడు అని చూస్తూనే ఉన్నా. నీ రంపం కింద ఆ పిండి చూసినప్పుడల్లా నా ఆకురాయి తెచ్చి నీ చేతిలో పెడదామనిపించేది. ఆ రంపం మీదికి చెట్టేదైనా పడి అది నుజ్జయిపోయినా నా ప్రాణం హాయిగా ఉండేది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"నువ్వడిగావా?"

ఎల్వి కప్పు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత ఇంకెవరో నవ్వారు. తైస్తో నవ్వలేదు గాని, మొద్దు మీద జరిగి కాస్త చోటు చేశాడు.

"కూర్చో. ఎడమ పళ్ళు ఎంతకి దించాలో నువ్వు కొలిచి చెప్పు. ఆకురాయి ఎలా పట్టాలో నేను చెప్తా."

గంటంపావు పట్టింది. ముందు అన్నిటికన్నా పొట్టి పన్ను వెతికి దానికి పెన్నుతో చుక్క పెట్టమన్నాడు, మిగతావన్నీ దాని పొడవుకే రావాలన్నాడు. ఆకురాయి ముందుకి తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి. నేను వెనక్కి కూడా రాకుతూ మూడేళ్ళు ఆకురాళ్ళని చంపానని అప్పుడు తెలిసింది. నా మణికట్టు పట్టుకుని వంచాడు. నేను తోశాను, కొలిచాను, అంకె చెప్పాను. అతను తోశాడు, నేను కొలిచాను. మిగతావాళ్ళు పని ఎగ్గొట్టి సాసేజీలు తినేశారు.

చివరి పన్ను అయ్యాక రంపం నా ఒళ్ళో పెట్టాడు.

"రెండో గీత నువ్వు కొయ్యి."

"నేనా?"

"ఎడమకి లాగే రంపాన్ని కుడికి నెట్టి నెట్టి నా చేతులు అలా అలవాటుపడిపోయాయి. ఇది తిన్నగా పోతుంది. ఇప్పుడు నేను కోస్తే వంకరొస్తుంది."

లేచి నిలబడ్డాను. తాడు లాగి రెండో గీత మీద ఆనించాను. రంపం గోడలోకి దిగింది. నా బూట్ల మీద పేళ్ళు పడ్డాయి, పొడుగాటివి, తెల్లటివి, పచ్చి చెక్క వాసన కొడుతూ. కిందిదాకా కోసి, ఆపి, వెనక్కి తగ్గాను. ఎవరూ మెచ్చుకోలేదు. ఈ ఊళ్ళో మెచ్చుకోరు కూడా. హిల్కా తల ఊపింది. ఎల్వి వెడల్పు చెక్కల్లో ఒకదాన్ని కోటు కింద నుంచి తీసి, మొదటి గీతకి మాత్రం ఇది కావాలంటూ పక్కన పెట్టుకుంది.

నేను తైస్తో వైపు చూడలేదు. ఎలా ఉందని అతన్ని అడిగే ధైర్యం నాకు లేదు. అతనే నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచాడు. ఒక కన్ను మూసి, నా కోతని పైనుంచి కిందిదాకా చూశాడు. బొటనవేలు గోడకానించి ఒక చోట ఆపాడు.

"ఇదిగో, ఇక్కడ కొంచెం కుడికి పోయింది, బావా," అన్నాడు. "మోచెయ్యి పైకి లేపుతున్నావు. లేపకు."

నేనతన్ని అడగలేదు.