ఎత్తని ఎడమ చెయ్యి

మనవరాలు తాత మాట వింటే ఏ ఇంట్లోనైనా సంతోషిస్తారు. ఆ మనవరాలి మేనత్త తబస్సుంకి మాత్రం ఆ వినడమే ప్రాణం మీదికి తెచ్చింది.

సారపాకలో మహబూబ్ అలీ పరుపుల దుకాణం ఎక్కడని అడిగితే నలుగురూ నాలుగు దిక్కులు చూస్తారు. బాక్సర్ అలీ దుకాణం అంటే చాలు, దగ్గరుండి దిగబెట్టి వస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో ఆయన ఒకప్పుడు హెవీవెయిట్ చాంపియన్ మరి! డెబ్భై దగ్గర పడుతున్నా, మనిషి గుమ్మంలో నిలబడితే లోపల పట్టపగలే లైటు వేసుకోవాలి. దుకాణం వెనక రేకుల షెడ్డులో కూతురు తబస్సుం ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంది. ఊరికే నేర్పడం కాదు, కోచింగ్‌లో డిప్లొమా చేసి వచ్చింది. ఏం లాభం? గోడ మీద వేలాడేది ఆ డిప్లొమా కాదు, తండ్రి పాత ఫోటో. అందులో అలీ కుడి చెయ్యి గడ్డం దగ్గర ఉంటుంది, ఎడమ చెయ్యి నడుము దగ్గర వేలాడుతూ ఉంటుంది. పిల్లలు ఆ ఫోటోని ఒకసారి చూసుకుని గానీ గ్లోవ్స్ తొడుక్కోరు.

ఆ ఎడమ చెయ్యే తబస్సుం పాలిట గండమై కూర్చుంది.

అన్న ముస్తకీమ్ కూతురు షబ్రీన్‌కి పదిహేడేళ్లు. తాత పోలిక, తాత ఎముక. మొండితనం కూడా తాతదే రావడంతో వచ్చింది తంటా అంతా. ఎడమ చెయ్యి కిందికి వదిలేసి, నడుము వెనక్కి వంచి, ఎదుటివాళ్ల దెబ్బని ముక్కు ముందు నుంచి పోనిచ్చి, పైగా నవ్వుతుంది. తప్పించుకున్నన్నాళ్లూ చూడముచ్చటగానే ఉంటుంది. పోయిన నెల టేకులపల్లిలో సరదాగా పెట్టుకున్న బౌట్‌లో లిఖిత అనే పిల్ల విసిరిన కుడిచేతి దెబ్బ, ఆ చెయ్యి లేని ఖాళీలోంచి వచ్చి షబ్రీన్ దవడ మీద పడింది. షబ్రీన్ పడిపోలేదు. కానీ కళ్లు మాత్రం ఒక్క క్షణం ఎటూ చూడకుండా నిలిచిపోయాయి. ఆ చూపు తబస్సుంని నిద్రపోనివ్వడం లేదు.

"చెయ్యి ఎత్తవే తల్లీ, నీ కాళ్లు మొక్కుత" అంటే ఆ పిల్ల ఏమందో తెలుసా?

"తాత ఎత్తిండా? గెల్వలేదా? నువ్వెన్నడన్న చాంపియన్ అయినవా అత్తా?"

తబస్సుం జిల్లా దాటి ఎన్నడూ గెలవలేదు. ఇక నోరు మూసుకోక ఏం చేస్తుంది?

పెద్దాయనతో చెప్పిద్దామంటే ఆయన మురిసిపోయాడు. "అది మన ఇంటి స్టైల్ బిడ్డా. చెయ్యి కింద ఉంటే దెబ్బ యాడికెల్లి వస్తదో అవతలోనికి ఎర్క కాదు" అన్నాడు. అది స్టైల్ కాదు, తప్పు అని ఆయన ముఖం మీద చెప్పడానికి తబస్సుంకి నోరు రాలేదు. ఆయనకి ఉన్నది ఆ ఒక్క గెలుపే. రాష్ట్రం గెలిచిన మరుసటి నెలలో జాతీయ పోటీలకి వెళ్లి, మొదటి రౌండ్‌లోనే పడిపోయి వచ్చాడు. గ్లోవ్స్ మేకుకి తగిలించి మళ్లీ ముట్టుకోలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత, ఎప్పుడో దూది ఎండబెడుతూ, "పెద్దోళ్ల ముంగట నా గుండె జారింది బిడ్డా" అన్నాడొకసారి. మిగిలిన ఆ ఒక్క గెలుపునీ కూతురే గీకి చూపిస్తే ఆ మనిషి ఏమైపోతాడు?

కానీ వచ్చే ఆదివారమే ఖమ్మంలో ఉమ్మడి జిల్లా సెలక్షన్. ఆ బరువులో పేర్లిచ్చింది ఇద్దరే. షబ్రీన్ ఒకతి, టేకులపల్లి లిఖిత ఇంకొకతి. ఆ కుడి చెయ్యి మళ్లీ అదే ఖాళీలోకి వస్తుంది. ఈసారి సరదాగా రాదు.

ఇలా ఉండగా ముదిగొండ నుంచి వెంకటరామారావు దిగాడు. ఒక చేతిలో పచ్చిమిరపకాయల సంచి, ఇంకో చేతిలో పెన్‌డ్రైవు. ఆయన ఎవరో కాదు, రాష్ట్రం ఫైనల్లో అలీ చేతిలో ఓడిన మనిషి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొని స్థిరపడ్డ రైతు కుటుంబం వాళ్లది. రింగులో కొట్టుకున్న ఇద్దరూ బయటికొచ్చి నలభై ఏళ్లుగా స్నేహం చేస్తున్నారు. అందులోనూ సగం కొట్లాటే.

"అలీ! మా అబ్బాయి అనిల్‌కుమార్ మా పెళ్లి క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. అప్పగింతలయ్యాక చివర్లో ఏం వచ్చిందో చెప్పుకో చూద్దాం" అన్నాడు రావు.

"ఏమొస్తది, మీ అత్త ఏడుపొస్తది."

"మన ఫైనల్ వచ్చిందయ్యా! మా పెళ్లికి తెచ్చిన కెమెరాతోనే మా బావమరిది దాన్నీ తీశాడు. మిగిలిన టేపు పాడుచేయడం ఎందుకని."

అలీ లేచి నిలబడ్డాడు. తన ఆట తాను ఎన్నడూ చూసుకోలేదు ఆ మనిషి. ఆ రోజుల్లో ఎవరు చూసుకున్నారు గనక? దుకాణంలో టీవీ ముందు కొత్త పరుపులు పరిచారు. పిల్లలంతా వచ్చి వాటి మీద కూలబడ్డారు. షబ్రీన్ అందరికంటే ముందు కూర్చుంది. తబస్సుం గోడకి ఆనుకుని నిలబడింది. తండ్రి ఆటలో తప్పు నలుగురిలో బయటపడే రోజు ఎప్పటికైనా వస్తుందని ఆమెకి తెలుసు.

తలంబ్రాలు అయ్యాయి. అప్పగింతలు వచ్చాయి. లోపల టీ పెడుతున్న అలీ భార్య ఖుద్సియా తొంగి చూసి, రావుతో, "పెళ్లికూతురు పున్నమ్మ వదిన కంటె నువ్వే ఎక్కువ ఏడుస్తున్నవ్ గదన్నా!" అనేసి వెళ్లింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. అంతలో తెర ఒకసారి గీతలు గీతలుగా వణికింది. రింగు కనబడింది.

"అమ్మో, తాత!" అంది షబ్రీన్.

ఎంత అందంగా ఉన్నాడు మనిషి! నల్లటి తుమ్మ మొద్దులా ఉన్నాడు. ఎడమ చెయ్యి ఫోటోలో ఉన్నట్టే నడుము దగ్గర ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే రావు కుడి చెయ్యి వచ్చి అలీ దవడ మీద పడింది. కాసేపటికి మళ్లీ పడింది. మళ్లీ.

"ఆపు. మల్ల పెట్టు" అన్నాడు అలీ.

మళ్లీ పెట్టారు. మళ్లీ అదే.

"నువ్వు నన్ను ముట్టనే లేదంటి గదా నేను?"

"నలభై ఏళ్లుగా మొత్తుకుంటున్నాగా! విన్నావా ఎప్పుడైనా?" అన్నాడు రావు.

మూడో రౌండ్‌లో ఆ ఎడమ చెయ్యి కింది నుంచి రివ్వున లేచింది. రావు తల వెనక్కి విరిగినట్టయింది. వెంట వెంటనే మరి రెండు పడ్డాయి. గంట కొట్టారు, రిఫరీ అలీ కుడి చెయ్యి పట్టి ఎత్తాడు. పిల్లలు గోల గోల చేశారు. అలీ మాత్రం నవ్వలేదు.

"తబస్సుం, ఇట్ల రా. వీడు నీ అయ్య గాదు, ఎవడో అనుకో. ఇయ్యాల్టి ఆట లెక్కన చూసి చెప్పు. ఎట్లున్నడు?"

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. తండ్రి ముఖం చూస్తే నోరు పెగల్లేదు. షబ్రీన్ దవడ చూసింది, అప్పుడు మాట వచ్చింది.

"ఎడమ చేత కింది నుంచి కొట్టిన ఆ జాబ్ దెబ్బ నా దగ్గర ఒక్క పిల్లకు రాదు నాయినా. ఇయ్యాల కూడా అది ఫస్ట్ క్లాసే. కాళ్లు బరువు, అయినా సరిగ్గ పడుతున్నయి. కుడి చెయ్యి కొడవలి తిప్పినట్టు తిప్పుతుండు, దూరం నుంచే కనబడ్తది. కొట్టినంక తల ఆడనే పెట్టి చూస్తుండు, కదలడు. ఇగ ఎడమ చెయ్యి... అది స్టైల్ కాదు. తప్పు."

"ఇయ్యాల దిగితే?"

"మొదటి రౌండ్ల పడతడు."

షబ్రీన్ అత్తని కొరికేసేలా చూసింది. అలీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. అయిపోయింది, ముసలి తండ్రిని నలుగురిలో నిలువునా పడగొట్టాను అనుకుంది తబస్సుం. ఏడుపు తన్నుకొచ్చింది.

ఖుద్సియా టీ పళ్లెం ఠపీమని బల్ల మీద పెట్టింది.

"ఎత్తితె గద తప్పో ఒప్పో! ఎత్తనీకి వచ్చిందా ఆయనకు?"

"ఏందమ్మా?"

"ఏందంటరేంది? గదే రావన్న పెళ్లికి పరుపులెవరు కుట్టిండ్రు? మన దుకాణంలనే గదా. ఆడపెళ్లోళ్లు ఊరికి సరిపోయేటన్ని చెప్పిండ్రు. గప్పుడు మిషన్లు ఏడియి? దూది ఏకే విల్లు ఈ ఎడమ చేతనే పట్టుకుని పొద్దు మాపు ఏకిండు. భుజం పోయింది. ఒక్కసారి రివ్వున విసురుడు తప్ప గా చెయ్యి ఛాతీ దాటి పైన నిలవలే. ఇటుక కాల్చి గుడ్డల చుట్టి నేను కాపుతుంటె, ఈయన పండ్లు కొరుక్కుంట కూసునేటోడు. గట్లనే పోయి ఆడిండు. పేపరోడు స్టైలు అని రాసిండు. స్టైలంట, నా తలకాయ!"

వెంకటరామారావు నోట్లో టీ నోట్లోనే ఉంది. అలీ మెల్లగా తల ఎత్తాడు.

"అవ్... అవ్ గదా" అన్నాడు. "నిజమే. అందరు స్టైల్ స్టైల్ అంటుంటె, నేను గూడ గదే అనుకున్న. నొప్పి సంగతే యాది లేకుంట పోయింది. ఇప్పుడు లేస్తలేదంటె ముసలితనం అనుకుంటున్న."

తబస్సుంకి ఒక్కసారిగా వెలిగింది. వచ్చి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నాయినా, పైపోటీల నిన్ను పడగొట్టింది ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"నీ ఎడమ భుజం మీదికెల్లి వచ్చిందా?"

"అవ్."

"మరి గుండె జారిందంటవేంది? గుండెకేమైంది? నీ చెయ్యి లేస్తలేదు, అంతే. గసువంటి భుజంతోని నేనైతే నిన్ను రింగుల దింపకపోదును. ఇంట్ల పండబెడుదును. గా భుజంతోని రాష్ట్రం గెలిచినవ్ నాయినా నువ్వు!"

అలీ కళ్లలోంచి నీళ్లు కారాయి, ఆ వెంటనే నవ్వు వచ్చింది, రెండూ కలిసిపోయి భుజాలు కదిలిపోయాయి. నలభై ఏళ్ల మూట దించుకున్నంత తేలికైపోయింది ఆ ముఖం. అది చూసి తబస్సుం కూడా ఏడ్చేసింది. ఆ ఏడుపులో ఎంత హాయి ఉందో ఆమెకే తెలుసు.

"అంటే, ఒంటి చెయ్యివాడి చేతిలో ఓడానా నేను?" అని గింజుకున్నాడు రావు. "అదీ నా పెళ్లి పరుపుల పుణ్యమాని! ఆ పరుపు ఇంకా మా ఇంట్లోనే ఉంది. పున్నమ్మ పారేయనివ్వదు. ఇవాళే ఇంటికెళ్లి దాన్ని రెండు గుద్దులు గుద్దుతాను."

"గుద్దు, అదన్న నీ చేతికి దొరుకుతది" అన్నాడు అలీ కళ్లు తుడుచుకుంటూ. తర్వాత మనవరాలి వైపు తిరిగాడు. "నువ్వు ఇట్ల రా."

షబ్రీన్ తల వంచుకుని వచ్చింది. అలీ తన ఎడమ చెయ్యి ఎత్తబోయాడు. అది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. కుడి చేత్తో మనవరాలి మోచెయ్యి పట్టుకుని, పిడికిలిని ఆమె చెంప పక్కకి చేర్చాడు.

"నాది లేవక దించిన. నీది లేస్తది గదనే, పిచ్చి మొద్దూ!" అన్నాడు. "మీ అత్త చెప్పినట్టు చెయ్. ఆమెకే ఎర్క."

షబ్రీన్ ముక్కు ఎగబీల్చి, అత్త వైపు చూడకుండానే, సరే అన్నట్టు తలూపింది.

ఆదివారం ఖమ్మంలో లిఖిత ఊరికే ఉండలేదు. రెండో రౌండ్‌లో సందు చూసి అదే కుడి చెయ్యి విసిరింది. కార్నర్‌లో ఉన్న తబస్సుం కళ్లు మూసుకుంది. ఠప్‌మని చప్పుడైంది. దవడ చప్పుడు కాదు, తోలు మీద తోలు పడ్డ చప్పుడు. కళ్లు తెరిస్తే షబ్రీన్ ఎడమ గ్లోవ్ చెంపకి అంటుకుని ఉంది, ఆ వెనక కళ్లు చక్కగా ముందుకే చూస్తున్నాయి. తబస్సుం ఎప్పటినుంచి బిగబట్టిందో ఏమో, ఊపిరంతా ఒక్కసారి వదిలేసింది. వెనక నుంచి అలీ గొంతు హాలంతా మోగింది. "గదీ! గట్ల ఉంచు!" షబ్రీన్ పాయింట్ల మీద గెలిచింది. గెలవకపోయినా ఆ పూట తబస్సుం బిర్యానీ కొనిపెట్టేదే.

మర్నాడు షెడ్డులో కొత్తగా చేరిన పిల్ల ఒకతి, గోడ మీద ఫోటో చూస్తూ అచ్చం అలాగే ఎడమ చెయ్యి వేలాడేసి నిలబడింది. గుమ్మంలో వెలుతురుకి అడ్డం నిలబడ్డ అలీ గమనించి కేకేశాడు.

"అది చూసి నేర్వకు బిడ్డా. అది స్టైల్ కాదు, భుజం నొప్పి."